బెంగకు విరుగుడు

డాక్టర్ సలోమి పాతికేళ్లకు పైగా చేసిన పరిశోధనంతా ఒకే ఒక్క కోత గురించి.

మెదడు అడుగున, శనగబద్దంత చోట, కొన్ని కణాలు ఒక పొడుగాటి ప్రొటీనును తయారుచేస్తాయి. తయారైన రూపంలో అది ఎందుకూ కొరగాదు. చిన్న చిన్న సంచుల్లో చుట్ట చుట్టుకుని పడి ఉంటుంది. ఒక ఎంజైము వచ్చి దాన్ని రెండుచోట్ల తెగగొడితే, చెరుకుగడలోంచి కణుపు నరికి తీసినట్టు, నడిమి నుంచి చిన్న ముక్క ఊడివస్తుంది. పెప్టైడ్ అనేది ఆ ముక్కనే. గడ కాదు, ఆ ముక్కే పని చేస్తుంది.

ఏం పని చేస్తుందో కనుక్కోవడానికి సలోమికి యౌవనమంతా పట్టింది. కళ్లు తెరవని ఎలుకపిల్లను తల్లి దగ్గర్నుంచి తీసి వేరే పెట్టెలో పెడితే అరుస్తుంది. ఆ అరుపు మనుషుల చెవికి అందదు. యంత్రం దాన్ని పట్టుకుని తెర మీద గీతలుగా చూపిస్తుంది. కోత జరగకుండా ఆపిన పిల్లల దగ్గర మాత్రం తెర ఖాళీగా ఉండేది. వాటికి ఆకలి వేసేది, చలి వేసేది. తల్లి పక్కన పెడితే పాలు తాగేవి. కానీ తల్లి లేదని అరిచేవి కావు.

విదేశీ పత్రికల్లో ఆ పెప్టైడుకు అక్షరాలూ అంకెలూ కలిపిన పేరొకటి పడింది. ప్రయోగశాలలో మాత్రం దాని పేరు బెంగ. చిన్నప్పుడు భీమిలిలో తల్లి ఆస్పత్రిపాలైనప్పుడల్లా సలోమికి ఒళ్లు వెచ్చబడేది. "జొరం కాదు, పిల్లకి బెంగ" అనేది నాయనమ్మ. పేరు పెట్టవలసి వచ్చినప్పుడు ఆ మాటే నోటికొచ్చింది.

పెళ్లి ఊసు ఎత్తినప్పుడల్లా సలోమి ఏదో ఒక ప్రయోగం మధ్యలో ఉండేది. తర్వాత ఆ ఊసు ఎత్తేవాళ్లే లేకపోయారు. రుషికొండ దగ్గర సంస్థవాళ్లిచ్చిన క్వార్టర్లో ఒక్కతే ఉండేది. కిటికీలోంచి సముద్రం కనిపించేది కానీ దానివైపు చూసే తీరిక ఉండేది కాదు. ఆమెకు మిగిలిన నా అన్నవాళ్లు చెల్లెలు రూతు, చెల్లెలి కూతురు నిస్సీ. తల్లి పోయినప్పుడు రూతు ఇంకా పలక పట్టుకుని బడికెళ్లే పిల్ల. జడ వేయడం దగ్గర్నుంచి పెళ్లి చేయడం దాకా అన్నీ సలోమే చూసింది. ఆదివారం గుడి వదలగానే పెదవాల్తేరులో రూతు ఇంట్లో భోజనం చేసి, సాయంత్రం దాకా అక్కడే గడిపేది. వారం మొత్తంలో ఆమెతో పని గురించి కాకుండా ఇంకేదైనా మాట్లాడే మనుషులు ఆ ఇంట్లోనే ఉండేవారు.

కోత ఆపే మందు ఎలుకలు దాటి మనుషులదాకా వచ్చేసరికి సలోమి తల సగం నెరిసింది. కత్తెర నోట్లో పుల్ల అడ్డం పడ్డట్టు, ఆ మందు ఎంజైము నోట్లో ఇరుక్కుంటుంది. ఇక ప్రొటీను తెగదు, బెంగ పుట్టదు. అయినవాళ్లు పోయి నెలలు గడిచినా ముద్ద మింగలేక, మంచం దిగలేక కృశించిపోయేవాళ్లకు దాన్ని ఇచ్చి చూశారు. ఆ పరీక్ష నడిపించినవాడు నగరంలో పేరున్న మానసిక వైద్యుడు చక్రపాణి. రోజుకొక మాత్ర. రెండో వారానికల్లా రోగులు లేచి కూర్చున్నారు. స్నానం చేశారు, వంట చేసుకున్నారు. అందరూ దాన్ని విరుగుడు అనసాగారు.

ఆ రోజుల్లోనే రూతు భర్త సామ్యూలు పోయాడు. సరుకు ఓడ మీద ఇంజనీరు. నడిసముద్రంలో గుండె ఆగింది. శవం ఇల్లు చేరేసరికి మొహం చూపించే స్థితిలో లేదు.

రూతు మంచం పట్టింది. నిస్సీ తల్లి పక్కనే పడుకుని, ఆమె ఊపిరి ఆడుతోందో లేదో ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది. ఒకనాటి మధ్యాహ్నం సలోమి జావ పట్టబోతే రూతు ఆమె మణికట్టు పట్టుకుంది.

"నీ దగ్గర మందుంది కదక్కా."

"అది ఇంకా పరీక్షలో ఉంది రూతూ. కొన్నాళ్లు ఓర్చుకో. తగ్గుతుంది."

"ఎవరెవరికో ఇస్తున్నారు. నేనేం పాపం చేశాను? తలుపు చప్పుడైతే చాలు, ఆయనే అనుకుంటున్నాను. రోజుకి ఎన్నిసార్లు చచ్చిపోతాడక్కా ఒక మనిషి?"

ఆ వారంలోనే రూతు చక్రపాణి దగ్గరికి వెళ్లింది. ఆయన సలోమిని పక్కకు తప్పుకోమన్నాడు. "ఆమె నా దగ్గరికి పేషెంటుగా వచ్చింది మేడమ్. మీరు కలగజేసుకోకండి. బాగుపడితే మీకూ సంతోషమే కదా" అన్నాడు.

బాగుపడింది. నెల తిరక్కుండానే పోర్టు ఆఫీసులో ఉద్యోగానికి వెళ్లింది. గుడిలో పాటల గుంపులో మళ్లీ నిలబడింది. సామ్యూలు ఫోటోకి పట్టిన దుమ్ము తుడుస్తూ, "మంచివాడక్కా, పాపం" అంది, ఎదురింటాయన గురించి అన్నట్టు. సలోమికి ఆ గొంతు ఎక్కడో కలుక్కుమంది. కానీ చెల్లెలు అన్నం తింటోంది. అంతకంటే ఏం కావాలి అనుకుంది.

తర్వాత ఒక ఆదివారం వెళ్తే ఇంటికి తాళం వేసి ఉంది. ఫోను చేస్తే రూతు హాయిగానే పలికింది. ఆఫీసులో స్నేహితులతో అరకు వచ్చిందట, నిస్సీ బడి స్నేహితురాలింట్లో ఉందట.

"నేనొస్తానని మర్చిపోయావా?"

"లేదక్కా, గుర్తుంది. తాళం చూసి వెళ్లిపోతావులే అనుకున్నాను."

ఆ మాటలో విసుగు లేదు, కోపం లేదు. అదే సలోమికి అర్థం కాలేదు. ఆమె మెట్ల మీద కూర్చుని, తెచ్చిన చేపల పులుసు గిన్నె ఒళ్లో పెట్టుకుని, ఎండ వాలేదాకా ఉండిపోయింది. భర్త పోయిన మనిషి తన బతుకు తాను వెతుక్కుంటుంటే నేను అలగడమేమిటని తనను తానే తిట్టుకుంది. ఆ తర్వాతి ఆదివారాలూ అలాగే జారిపోయాయి. రూతు రావద్దని ఎప్పుడూ అనలేదు. వెళ్తే నవ్వుతూ తలుపు తీసేది. వెళ్లకపోతే ఎందుకు రాలేదని అడిగేది కాదు.

ఒకరోజు ప్రయోగశాలకు అనకాపల్లి నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. పేరు అప్పలనాయుడు. కొడుకు చనిపోయాక మంచం పట్టిన ఆయన భార్యకు చక్రపాణి దగ్గర విరుగుడు ఇస్తున్నారు. కుర్చీ చూపించినా కూర్చోకుండా, కండువా చేతుల్లో నలుపుతూ నిలబడ్డాడు.

"మందు బాగా పన్జేసిందమ్మా. మా ఆడది ఏడుపు మానేసింది. నవ్వుతంది, తిరుగుతంది. తప్పనడానికేటీ లేదు."

"మరి ఎందుకొచ్చారు నాయుడు గారూ?"

"మొన్న నాకు కడుపులో ఆపరేసనయిందమ్మా. ఆస్పత్రిలో ఉంటే రానేదు. ఇంటికెళ్లి ఏటే, రానేదేటని అడిగితే, అక్కడ డాక్టర్లున్నారు కదా అంది. నిజవే కదా. కోపం కూడా రానేదు నాకు." ఆయన కండువా భుజాన వేసుకున్నాడు. "ఆ మాత్ర నాకూ ఇప్పించండమ్మా. అది నాకోసం సూడదు, నేనేమో దానికోసం సూస్తన్నాను. ఇద్దరం మింగేత్తే గొడవొదిలిపోద్ది."

సలోమి ఆయనకేం చెప్పి పంపించిందో ఆమెకే గుర్తులేదు. చక్రపాణి రోగులను వారం వారం పలకరిస్తాడు, ఎలా ఉన్నారని అడుగుతాడు. అందరూ బాగున్నామనే అంటారు. నిజంగానే బాగున్నారు. బాగాలేనివాళ్లు మాత్ర మింగనివాళ్లు, వాళ్లను ఎవరూ అడగలేదు. ఈ సంగతి తట్టగానే ఆమె కారు తీసి తిన్నగా నిస్సీ చదివే బడికి వెళ్లింది.

బడి వదిలి చాలాసేపయింది. గేటు లోపల అరుగు మీద నిస్సీ ఒక్కతే కూర్చుని, బూటు లేసు ముడి విప్పుతూ మళ్లీ వేస్తూ ఉంది. మూడో తరగతి పిల్ల.

"అమ్మ రాలేదా?"

"వస్తుంది పెద్దమ్మా. ఆఫీసయ్యాక వాళ్ల ఫ్రెండ్స్‌తో టీ తాగి వస్తుంది. వాచ్‌మన్ తాత ఉంటాడు కదా, నాకేం కాదంటుంది."

"రోజూ ఇంతేనా?"

నిస్సీ తల ఊపింది. దగ్గరికి తీసుకుంటే ఒళ్లు కాలిపోతోంది.

సలోమి పిల్లను ఇంటికి తీసుకెళ్లి పడుకోబెట్టింది. రూతు వచ్చి నుదురు తడిమి చూసి, మాత్ర వేసి, తడిగుడ్డ పెట్టింది. చేయవలసినవన్నీ సరిగ్గానే చేసి, పక్క గదిలోకి వెళ్లి టీవీ పెట్టుకుంది. జ్వరం మూడు రోజులైనా దిగలేదు. రక్తపరీక్షలో ఏమీ తేలలేదు. తల్లి ఇంట్లోనే తిరుగుతుంటే పిల్లకు తల్లి మీద బెంగ పట్టుకుందని సలోమికి ఒక్కదానికే తెలుసు. అది ఎవరి చలవ అన్నదీ తెలుసు. రాత్రిళ్లు తను పక్కన పడుకున్నాక జ్వరం దిగింది, అప్పటినుంచి రోజూ బడి దగ్గర్నుంచి పిల్లను తనే తీసుకొచ్చేది.

ప్రయోగశాలలో అంతవరకూ ఎవరూ చేయని పరీక్ష ఆమె చేసింది. ఈసారి మందు ఎలుకపిల్లలకు కాదు, తల్లి ఎలుకలకు ఇచ్చింది. పొదిగిట్లో ఉన్న పిల్లకు తల్లి పాలిచ్చింది, నాకి శుభ్రం చేసింది. ఒక పిల్లను తీసి గూటికి జానెడు దూరంలో పెడితే దానివైపు ఒకసారి చూసి ఊరుకుంది. పిల్ల అరుపులు తెర నిండా గీతలైపోతున్నాయి. మామూలు తల్లి పరుగున వెళ్లి నోట కరుచుకుని తెచ్చుకుంటుంది. ఈ తల్లి మాత్రం లేచి నీళ్లు తాగడానికి వెళ్లింది.

చక్రపాణి ఆ పరీక్ష తాలూకు వీడియోలు రెండుసార్లు చూశాడు.

"కొత్తవాళ్లకు ఆపేద్దాం. కానీ ఇప్పటికే తీసుకుంటున్నవాళ్లు మానరు మేడమ్. ఎందుకు మానాలో వాళ్లకు తెలియదు. మీ మందు తీసేసింది ఆ తెలివినే."

"ఇంకొకటుంది" అంది సలోమి. "కోత ఆగింది కానీ ప్రొటీను తయారవడం ఆగలేదు. ఇన్నాళ్లదీ సంచుల్లో నిండిపోయి ఉంది. మందు తీసేస్తే అదంతా ఒక్కసారే తెగుతుంది."

"మెల్లమెల్లగా తగ్గిస్తే?"

"ఎంత తగ్గించినా ఆ బాకీ తీరవలసిందే. కాస్త నెమ్మదిగా తీరుతుంది, అంతే."

ఆ సాయంత్రం సలోమి చెల్లెలికి అన్నీ చెప్పింది. ఎలుక తల్లి గురించి చెప్పింది, నిస్సీ జ్వరం గురించి చెప్పింది, మాత్ర మానితే ఏమవుతుందో కూడా దాచకుండా చెప్పింది. రూతు చిక్కుడుకాయలు తుంచుతూ శ్రద్ధగా వింది.

"అంటే మానేస్తే ఆయన మళ్లీ చచ్చిపోతాడు."

"అవును."

"అప్పటికంటే ఎక్కువగానా?"

"ఎక్కువగానే."

రూతు లేచి గదిలోకి వెళ్లి, నిద్రపోతున్న కూతురిని గుమ్మంలోంచి చూసింది. తిరిగొచ్చి కూర్చుంది.

"నీకు అబద్ధం చెప్పనక్కా. దాన్ని చూస్తే నాకేమీ అనిపించట్లేదు. ముద్దుగా ఉంది, నా కూతురు, అంతే. కానీ అది పుట్టినప్పుడు బుట్టలో పెట్టి వేరే గదికి తీసుకెళ్తే, కుట్లు పచ్చిగా ఉన్నా గోడ పట్టుకుని నడిచి వెళ్లాను. అది గుర్తుంది. ఎందుకు నడిచానో ఇప్పుడు తెలియట్లేదు." చిక్కుడు ఈనె వేలికి చుట్టుకుంది. "ఆ నడిచినదాని మాట నమ్ముతాను. మానేస్తాను."

సలోమి తన వృత్తిలో ఎంతో ధైర్యం చూసింది. అంతటి ధైర్యం మాత్రం ఎన్నడూ చూడలేదు. కోరిక లేకుండా, లాగే తాడు ఏదీ లేకుండా, కళ్లు తెరుచుకుని మంటలోకి అడుగు పెట్టడం అది.

నిస్సీని పాస్టరు గారింట్లో ఉంచి, సలోమి సెలవు పెట్టి చెల్లెలి దగ్గరికి వచ్చింది. మాత్ర సగం చేశారు, పాతిక చేశారు, చివరికి ఆపేశారు. మొదట ఏమీ కాలేదు. ఒక ఉదయం రూతు పళ్లు తోముకుంటూ ఉన్నట్టుండి బేసిను అంచు పట్టుకుని కిందికి జారిపోయింది.

వచ్చింది సామ్యూలు ఒక్కడే కాదు. తల్లి వచ్చింది, నాయనమ్మ వచ్చింది, భీమిలి ఇంట్లో తప్పిపోయిన కుక్కపిల్ల వచ్చింది. ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచి ఏడ్చింది. గొంతు పోయాక మూలిగింది. అరకు వెళ్లిన ఆదివారం గుర్తొచ్చి అక్క పాదాలు పట్టుకుని, "తాళం చూసి వెళ్లమన్నానే నిన్ను" అని నేలకు తల కొట్టుకుంది. బడి అరుగు గుర్తొచ్చిన రోజున ఆమెను పట్టుకోవడం సలోమి వల్ల కాలేదు. చక్రపాణి వచ్చి నిద్రకు ఇంజెక్షన్ ఇచ్చాడు. వెళ్లేముందు వరండాలో నిలబడి, "ఇంకొకరిచేత ఇలా మానిపించే ధైర్యం నాకు లేదు మేడమ్" అన్నాడు. ఆ మాటకొస్తే, మిగతా రోగుల్లో మానడానికి ఒప్పుకున్నవాళ్లు చాలా తక్కువ. అప్పలనాయుడు కూడా భార్యచేత మానిపించవద్దని కబురు పంపాడు. మళ్లీ ఆ ఏడుపు ఆమె తట్టుకోలేదట.

రూతు తట్టుకుంది. కాళ్ల మీద నిలబడగలిగిన మొదటి రోజునే బడికి వెళ్దామంది. ఇంకా పొద్దున్నే కదా అని సలోమి అన్నా వినలేదు. బడి గేటు ఊచలు పట్టుకుని, మధ్యాహ్నం ఎండ దాటి గంట కొట్టేదాకా అక్కడే నిలబడింది. మనిషి సగమైంది. కళ్లు మాత్రం గేటు లోపలికి అతుక్కుపోయాయి.

పిల్లలు బిలబిలమంటూ బయటికొచ్చారు. నిస్సీ వాళ్లిద్దరినీ చూసి ఆగింది. "పెద్దమ్మా!" అని పరుగెత్తుకొచ్చి సలోమి నడుము చుట్టేసింది. తర్వాత తల తిప్పి తల్లివైపు చూసి, ఇంటికొచ్చిన చుట్టాన్ని పలకరించినట్టు, "తగ్గిందా అమ్మా నీకు?" అంది.

చాచిన రూతు చేతులు అలాగే కాసేపు ఉండి దిగిపోయాయి. "తగ్గిందమ్మా" అంది.

దారంతా నిస్సీ సలోమి చేయి వదల్లేదు. రూతు వెనకాల సంచి మోసుకుంటూ నడిచింది. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. రూతు పొద్దుటి నుంచే గేటు దగ్గర నిలబడేది. నిస్సీ ఆమెను దాటుకుని పెద్దమ్మ కోసం వెతికేది. పిల్ల తల్లిని ద్వేషించలేదు, సతాయించలేదు. ఎదురుచూడడం మానేసింది, అంతే. ఏ మందూ మింగకుండానే.

ఒక ఉదయం రూతు ఒక్కతే క్వార్టరుకు వచ్చింది. చాలాసేపు కిటికీలోంచి సముద్రాన్ని చూస్తూ కూర్చుంది.

"అక్కా, ఒక మాట చెప్తే తప్పు పట్టుకోవుగా?"

"చెప్పు."

"నువ్వు కొన్నాళ్లు రాకు." రూతు కిటికీ ఊచ పట్టుకుంది. "నువ్వున్నంతసేపూ దానికి నా అవసరం లేదు. నువ్వు లేకపోతే, కొత్తలో ఏడుస్తుంది. ఏడ్చి ఏడ్చి, దగ్గరున్నదాన్ని నేనే కాబట్టి… నాకు వేరే దారి తోచట్లేదక్కా."

సలోమి తలదించుకుంది. ఈ నెలల్లో ఆ పిల్లకు జడలు వేసింది తను. లెక్కలు చెప్పింది, జ్వరంలో పక్కన పడుకుంది. చెల్లెలి మాట నూటికి నూరుపాళ్లు నిజమని ఆమెకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

"ఎన్నాళ్లు?" అనబోయి మానుకుంది. "సరే రూతూ. ఇవాళ్టి నుంచి రాను. నువ్వు భయపడకు" అంది.

మొదట్లో నిస్సీ తల్లి ఫోను తీసి పిలిచేది. "ఎందుకు రావట్లేదు పెద్దమ్మా? నా మీద కోపమా?" సలోమి పనుందని చెప్పేది. ఊరెళ్తున్నానని ఒకసారి అబద్ధమాడింది. ఆ గొంతు విన్నాక ఆ పూటకు అన్నం సహించేది కాదు. పోనుపోను ఫోన్లు పలచబడ్డాయి. సాయంత్రం బడి వదిలే వేళకు, ఎంత పనిలో ఉన్నా, ఆమె ఒళ్లు దానంతటదే కుర్చీలోంచి లేచేది. కారు తాళాలు చేతిలోకి తీసుకున్నాక గుర్తొచ్చేది. మళ్లీ కూర్చునేది. నలుగురూ వెళ్లిపోయాక ప్రయోగశాలలో శీతల యంత్రాల హోరు ఒక్కటే మిగిలేది. ఇన్నేళ్లూ ఆ చప్పుడు వింటూనే ఉన్నా, అది అంత పెద్దదని ఆమె ఎప్పుడూ గమనించలేదు.

పని మీద వచ్చిన చక్రపాణి ఆమె మొహం చూసి ఉలిక్కిపడ్డాడు.

"బాగా చిక్కిపోయారు మేడమ్. వైద్యుడిగా అడుగుతున్నాను, తప్పుగా అనుకోకండి. ఒక్క నెల ఆ మాత్ర తీసుకోకూడదా? మీకు పిల్లలు లేరు, మీవల్ల ఎవరికీ నష్టం రాదు."

సలోమి నవ్వడానికి ప్రయత్నించింది. "నా దగ్గర ఆ పిల్లది మిగిలింది ఈ బెంగ ఒక్కటే చక్రపాణి గారూ. దీన్ని కూడా తీసేయమంటారా?"

ఆయన తెచ్చిన కాగితాలు బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

వానలు మొదలయ్యాక ఒక ఉదయం రూతు ఫోను చేసింది. గొంతులో నవ్వూ ఏడుపూ కలగలిసిపోయి మాటలు తెలియలేదు. సలోమి కంగారుపడి రెండుసార్లు అడగవలసి వచ్చింది.

"ఏడ్చిందక్కా! నేను ఆఫీసుకి బయల్దేరుతుంటే నిస్సీ ఏడ్చింది. వెళ్లొద్దని కొంగు పట్టుకుని నేల మీద పడిపోయింది. ఎంత చెప్పినా వదల్లేదు."

"మరి సెలవు పెట్టావా?"

"పెట్టేశాను."

"మంచి పని చేశావు. ఇవాళ ఎక్కడికీ వెళ్లకు. దాని దగ్గరే ఉండు."

ఫోనులో వాన చప్పుడు వెనక నిస్సీ ఏదో చెబుతోంది. మాటలు అందలేదు, గొంతు మాత్రం అందింది. నన్ను అడుగుతోందా అన్న ప్రశ్న సలోమి నాలుక చివరిదాకా వచ్చింది. అవునంటే వెళ్లకుండా ఉండడం ఆమె వల్ల కాదు. కాదంటే ఆ మాట వినడమూ ఆమె వల్ల కాదు. ఆమె అడగలేదు.

"ఉంటానక్కా, పిలుస్తోంది" అని రూతు ఫోను పెట్టేసింది.

సలోమి ఫోను బల్ల మీద పెట్టింది. తర్వాత వంటింట్లోకి వెళ్లి, ఒక గ్లాసు బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టి, అన్నం ఉడికేదాకా అక్కడే ఉండిపోయింది.